నెగడు, నాటుకోడి, నక్షత్రాలు

డిసెంబరు మొదలైందంటే సంక్రాంతి దాకా నేను పేపరు తెరిచేది ఓ చిన్న డబ్బా కోసం. రాత్రి ఎక్కడెక్కడ ఎంత చలి పెట్టిందో వరసగా వేస్తారు చూడండి, అది. ఆదిలాబాద్, మెదక్, పటాన్‌చెరు, రాజేంద్రనగర్, హకీంపేట, ఆ వరసలోనే మా దుండిగల్. మామూలు రోజుల్లో మా ఊరి పేరు పేపరెక్కాలంటే ఔటర్ మీద ఏ లారీయో బోల్తా కొట్టాలి, లేదంటే ఏ చెరువులోనో రాత్రికి రాత్రి గోడ లేవాలి. ఈ రోజుల్లో మాత్రం ఎవరికీ ఏ నష్టం లేకుండా, మర్యాదగా ‘దుండిగల్ 12’ అని పడుతుంది. ఆ పన్నెండుకి నేనే దగ్గరుండి దించినట్టు ఫోటో తీసి చుట్టాలందరికీ పంపుతాను. కూకట్‌పల్లిలో ఉండే తోడల్లుడికైతే మరీ ముందుగా. వాళ్ల దగ్గర కాంక్రీటెక్కువ, చలి తక్కువ.

నా పాలిటి పీడ పటాన్‌చెరు. మేం పన్నెండుకి దిగితే అది పదికి దిగుతుంది. మేం పదకొండంటే అది తొమ్మిదంటుంది. ఇక్రిశాట్ పొలాలంత ఖాళీ జాగా పక్కన పెట్టుకుని చలి పోటీకి రావడం ఏం న్యాయమని నా వాదన. మా ఆవిడ ఆ వాదన ఎన్నోసారో విని, “మీకు అంత కావాలంటే ఆడికే పోయి కిరాయికుందాం” అని చాయ్ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి పోతుంది.

ఇంతా చేసి నాకు చలంటే చచ్చేంత భయం. దీపావళి పొగ ఆరకముందే నెత్తిన మంకీ క్యాప్ ఎక్కుతుంది. నవంబరు నుంచి ఫ్యాను స్విచ్చి మీద సర్వహక్కులూ నావే. గీజరు ఎర్ర లైటు ఆరేదాకా బాత్రూం గడప తొక్కను. ట్యాంకు నీళ్లతో చెయ్యి కడుక్కోవాల్సిన గతి పడితే ఆ పూట చెంచాతో తింటాను. మరి చలికాలం మీద ఈ ప్రేమేమిటంటే, సినిమాలు చూసి చెడిపోయాను. తెల్లటి కొండల మీద హీరోకి కోటు, మఫ్లరు, బూట్లు, హీరోయిన్‌కి పల్చటి చీర. ఆ అన్యాయం గురించి ఆలోచించాల్సిన వయసులో నేను ఆ స్వెటరు ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచించాను. అలా నా బుర్రలో ఒక సాయంత్రం స్థిరపడిపోయింది. బయట చలి, మధ్యలో మంట, చుట్టూ స్నేహితులు, భుజం మీద శాలువా, చేతిలో పొగలు కక్కే ఏదో ఒకటి, నా నోటి నుంచి గొప్ప గొప్ప మాటలు. ఆ బొమ్మలో వంటిల్లు ఎక్కడా లేదు. ఉండాలన్న సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

మేడ్చల్ హైస్కూల్లో నా పక్కన కూర్చున్నవాడు మిన్నియాపొలిస్‌లో స్థిరపడి ఈ బొమ్మకి రంగులు వేశాడు. ఏటా జనవరిలో వీడియో వస్తుంది. కిటికీ బయట నడుం లోతు మంచు, లోపల వాడూ వాడి మిత్రులూ, భోగిపళ్లకి కూర్చోబెట్టిన పిల్లలు. రేగిపళ్లు దొరక్క క్రాన్‌బెర్రీలు పోస్తారట. అంతా సరే, నా కళ్లు మాత్రం వాడి మోకాళ్ల మీదే. బయట మైనస్ 20, వీడు నిక్కరు మీదున్నాడు! “మీదేం చలిరా, మా ఫ్రిజ్ల దీనికన్న ఎక్కువుంటది” అని నవ్వుతాడు. వాడుండేది మేపుల్ గ్రోవ్‌లో, 2006లో తెరిచిన పెద్ద హిందూ ఆలయానికి దగ్గర్లో. మా దుండిగల్‌కి ఆంజనేయస్వామి గుడీ ఉంది, చలీ ఉంది, నాకు నిక్కరూ ఉంది. లేనిదల్లా ధైర్యం.

మొన్న డిసెంబరులో పిల్లల సెలవులకి వాడు వస్తున్నానన్నాడు. నా జన్మకి ఇంతకన్నా అవకాశం రాదని క్రిస్మస్ ముందు రోజు సాయంత్రానికి విందు పెట్టాను. వాట్సాప్‌లో ఆహ్వానం నేనే రాశాను. ‘దుండిగల్ చలి రాత్రి. మా డాబా మీద నెగడు, నాటుకోడి, నక్షత్రాలు. తప్పక రండి.’ రాసి, నాకు నేనే మురిసిపోయి, మా ఆవిడకి వినిపించాను.

ఆవిడ స్కూలు పేపర్లు దిద్దుతోంది. ఎర్ర పెన్ను ఆపి, “నెగడు మీరేస్తరు. నక్షత్రాలు దేవుడేసిండు. నాటుకోడి ఎవరేస్తరు?” అంది.

ఆ ప్రశ్నకి జవాబు ఇద్దరికీ తెలుసు కాబట్టి నేను చెప్పలేదు.

పొద్దున్నుంచి వంటింట్లో రోలు చప్పుడు. దుండిగల్ ఆకాశానికి కొంచెం తెరిపి దొరికిన రోజులవి. 1971 నుంచీ ఇక్కడ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పైలట్లని తయారు చేస్తున్నారు కదా, ఏటా జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి పరేడ్. పరేడ్ ముందు వారాల్లో రిహార్సల్సుకి పిలాటస్ విమానాలు మా నీళ్ల ట్యాంకు మీంచే తిరుగుతున్నాయా అనిపిస్తుంది. అది అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో మా ఆవిడ పనంతా నాకు వినబడటం మొదలైంది. సర్వపిండికి బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు కలిపి గిన్నె అడుక్కి వేళ్లతో తట్టడం, తట్టినదానికి వేలితో బొక్కలు పెట్టి నూనె చుక్కలు వెయ్యడం, మూత వెయ్యడం. పక్క పొయ్యి మీద పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడుకుతున్నాయి. జొన్న పిండి జల్లెడ పడుతోంది. కోడిని మా బావమరిది గండిమైసమ్మ చౌరస్తా నుంచి కాల్పించి తెచ్చాడు. నేను గడపలో నిలబడి, “ఏమైనా చెయ్యమంటావా?” అని అడిగాను. ఇన్నేళ్ల సంసారంలో ఆ ప్రశ్నని ఎంత దూరం నుంచి అడగాలో నాకు లెక్క తెలుసు. దగ్గరికెళ్లి అడిగితే ఉల్లిగడ్డలు చేతికొస్తాయి.

“మీరు జర అడ్డం జరగండ్రి, సాలు” అంది. ఆ అనుమతి పుచ్చుకుని కట్టెల వేటకి వెళ్లాను.

కట్టెలు నాకు కాలనీ పార్కు పక్కన దొరికాయి. కరెంటు తీగలకి అడ్డొస్తున్నాయని మామిడి కొమ్మలు కొట్టి పడేశారు. లావుగా, బరువుగా, అందంగా ఉన్నాయి. ఆకులు ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయన్నది కూడా గమనించాను, కానీ అది అందం ఖాతాలో వేసుకున్నాను.

ఏడింటికి అతిథులు రావడం మొదలైంది. మొదట ఎదురింటి వారంట్ ఆఫీసర్ గారు. వాయుసేనలో వాతావరణ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. పొట్టి చేతుల చొక్కా వేసుకుని డాబా ఎక్కి, మంకీ క్యాప్, మఫ్లరు, దానిపై శాలువాతో ఉన్న నన్ను చూసి, “ఒంట్లో బాగాలేదా?” అని పరామర్శించారు.

“చలండీ! పదకొండని వచ్చింది పేపర్లో.”

“అది పొద్దున సూర్యుడొచ్చే ముందు సంగతి. ఇప్పుడు ఇరవై ఉంటుంది. కనిష్ఠం అంటే అదే కదా, రాత్రంతా నేల వేడి వదిలి వదిలి, తెల్లారగట్ల అడుగంటుతుంది. మీరు పిలవాల్సింది పొద్దున ఆరింటికి.”

అప్పటికి ఇంజినీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మేడమ్, ఆవిడ భర్త కూడా వచ్చారు. వాళ్లు ఇంట్లో చేసిన అరిసెలు, ప్లమ్ కేకు తెచ్చారు. అర్ధరాత్రి దాటాక బయల్దేరి మెదక్ వెళ్లాలి, తెల్లవారుజామున అక్కడి పెద్ద చర్చిలో ఆరాధనకి. 1924 క్రిస్మస్ రోజున తెరిచిన చర్చి అది, వాళ్ల తాతల కాలం నుంచీ తప్పని ఆనవాయితీ. “మీ విందులో చలి మాకు మెదక్‌లో అందుతుంది లెండి” అన్నారు మేడమ్. మెదక్ కూడా ఆ డబ్బాలో మాకన్నా కిందే ఉంటుందని గుర్తొచ్చి నాకు గుచ్చుకుంది.

మిన్నియాపొలిస్ మిత్రుడు ఆఖరున దిగాడు. చేతిలో కుండంత బరువైన కోటు. విమానం ఎక్కేటప్పుడు అక్కడ మైనస్ 18 అట, వేసుకోక తప్పలేదట, ఇక్కడ దిగాక మోసుకు తిరుగుతున్నాడు. చొక్కా పై గుండీలు తీసి, “అరే, ఎండాకాలం లెక్కుందిరా!” అన్నాడు. నా శాలువా సిగ్గుతో జారింది.

ఇక చలి గొప్పల పోటీ మొదలైంది. వారంట్ ఆఫీసర్ గారు లేహ్‌లో పనిచేసిన రోజులు తీశారు. బుఖారీ అనే ఇనుప పొయ్యి పక్కన పడుకోవడం, నల్లాలో నీళ్లు గడ్డకట్టడం, గాలిలో ప్రాణవాయువు తక్కువై రెండు మెట్లకే ఆయాసం రావడం. మిత్రుడు తగ్గలేదు. వాళ్ల మిల్లే లాక్స్ సరస్సు గడ్డకట్టాక దాని మీద కార్లు నడుపుతారు, చిన్న చిన్న గుడిసెలు పెట్టుకుని, మంచుకి బొక్కేసి, గాలం వేసి కూర్చుంటారు. ఊరి నడుమ మేడ నుంచి మేడకి అద్దాల వంతెనలు వేసుకున్నారు, మైళ్ల కొద్దీ, చలిలో అడుగు పెట్టకుండా ఆఫీసుకీ హోటలుకీ పోవచ్చు. మైనస్ 40కి పడితే సెల్సియస్సో ఫారన్‌హీటో అడగక్కర్లేదు, రెండూ అక్కడ ఒకటే. మేడమ్ అవునని తలూపారు.

అందరూ నా వైపు చూశారు. నా జీవితంలో నేను చూసిన అతి పెద్ద చలి, లోయర్ ట్యాంక్‌బండ్‌లో 2004లో పెట్టిన స్నో వరల్డ్. మైనస్ 5. కోటు, బూట్లు వాళ్లే ఇచ్చారు. పిల్లలు మంచులో దొర్లుతుంటే నేను బయటికి పోయే తలుపు పక్కన నిలబడి గడియారం చూసుకున్నాను. ఇది చెప్పుకునేది కాదని, “1946 జనవరి 8న హైదరాబాద్‌లో 6.1 దాకా దిగింది తెలుసా?” అని చరిత్రలోకి దూరాను.

“నువ్వు అప్పటికి పుట్టలేదు” అంది మా ఆవిడ, మెట్ల మీంచి కందికాయల గంగాళం ఎత్తుకొస్తూ. పదిమందిలో ‘మీరు’ అనే మనిషి ‘నువ్వు’లోకి దిగిందంటే, ఉష్ణోగ్రత నిజంగానే పడిపోతోందని అర్థం.

అప్పుడు నా నెగడు. డాబా టైల్స్ పాడవకుండా రేకు పరిచి, దాని మీద ఇటుకలు పెట్టి, మామిడి కొమ్మల్ని గుడి గోపురంలా పేర్చాను. కిరోసిన్ ఈ రోజుల్లో ఎక్కడిది? కర్పూరం వెలిగించాను. కర్పూరం కాలింది. పాత పేపర్లు వేశాను. నేను దాచుకున్న వాతావరణం డబ్బాలతో సహా కాలాయి. కొమ్మల చివర్ల నుంచి మాత్రం బుడగలు బుడగలుగా నీళ్లు కక్కి, బుస్సుమని, తెల్లటి పొగ బయల్దేరింది. “పచ్చి కట్టె కదండీ, మీరిచ్చిన వేడంతా ముందు అందులో నీళ్లు ఆవిరి కావడానికే పోతుంది, ఆ తర్వాతే మంట” అన్నారు మేడమ్, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. పొగ అయినా పైకి పోవాలి కదా, పోదే! అది వారంట్ ఆఫీసర్ గారి వంతు. చలికాలం రాత్రి మబ్బు లేకపోతే, గాలి ఆడకపోతే, నేల దగ్గర గాలి ముందు చల్లబడుతుంది, పైన గాలి వెచ్చగా ఉండిపోతుంది. గిన్నె మీద మూతేసినట్టే. కింద పుట్టిన పొగ కిందే తిరుగుతుంది. “ఇలాంటి రాత్రే తెల్లారేసరికి రన్‌వే మీద పొగమంచు కూర్చునేది” అని ఆయన పాత జ్ఞాపకాల్లో పడ్డారు. నక్షత్రాలు కనపడటం మానేశాయి.

కాలనీ గ్రూపులో మెసేజ్ వచ్చింది: ‘ఎవరింట్లోనో ఏదో కాలుతోంది, చూడండి.’ ఇంకొకరు: ‘వైర్లు కాలిన వాసనలా ఉంది.’ మూడో ఆయన 101కి ఫోన్ చెయ్యమంటారా అని అడిగేసరికి, ‘మా ఇంట్లో చిన్న ఫంక్షన్’ అని పెట్టాను. దానికి ఎవరో దండం బొమ్మ పెట్టారు. అది పలకరింపో, విన్నపమో నాకిప్పటికీ తేలలేదు.

మా ఆవిడ బకెట్ నీళ్లు తెచ్చి నా గోపురం మీద పోసింది. అభిషేకం అయ్యాక, “గేటు కాడ మంటున్నది, నడువుండ్రి” అని గంగాళం ఎత్తుకుంది.

మా గేటు దగ్గర వాచ్‌మన్ రోజూ మంట వేసుకుంటాడని నాకు తెలుసు. తెలుసంటే, రాత్రి కారులో వచ్చేటప్పుడు అద్దాల్లోంచి చూశాను. సగానికి కోసిన తారు డ్రమ్ము, కింద గాలి పోవడానికి ఉలితో కొట్టిన బొక్కలు, అందులో వేలెడు లావు ఎండు తుమ్మ పుల్లలు. ఎక్కువ వెయ్యడు, రెండు కాలాక రెండు. పొగ లేదు. అందరం కుర్చీలు మోసుకుని దిగాం. అతను లేచి నిలబడబోతే వారంట్ ఆఫీసర్ గారు భుజం పట్టి కూర్చోబెట్టారు. జొన్న రొట్టెలు, కోడి పులుసు, సర్వపిండి అక్కడే, ఆ డ్రమ్ము చుట్టూ. అతని భార్య లోపల్నుంచి చిలగడదుంపలు తెచ్చి నిప్పుల అంచున కప్పింది.

అతనిది చింతపల్లి వైపు. లంబసింగి వాళ్ల ఊరికి దగ్గరేనట. పేపర్లో పటాన్‌చెరు, మెదక్ అని నేను ఈర్ష్యపడే అంకెలు వాళ్లకి లెక్కే కాదు. “జనవరిలో తెల్లారి లేస్తే గడ్డి మీద ఉప్పు జల్లినట్టుంటది బాబూ. ఇప్పుడైతే దాన్ని చూడ్డానికి బస్సులేసుకుని వస్తన్నారు. గుడారాలేసి డబ్బులిచ్చి పడుకుంటన్నారు.” అతను నవ్వాడు. “మేవేమో అక్కణ్ణుంచి ఇటొచ్చాం.” తరవాత పుల్ల ఎగదోసి, “మీ డాబా మీద అగ్గంటుకుందేమో అనుకున్నా” అన్నాడు. ఆ పోటీలో ఎవరు గెలిచారో ఎవరూ చెప్పుకోలేదు. లేహ్, మిన్నియాపొలిస్ రెండూ దుంప తొక్క ఒలుచుకుంటూ మాట్లాడకుండా కూర్చున్నాయి. నేను దాచుకున్న గొప్ప మాటలు ఒక్కటీ అవసరం పడలేదు. పాటలు పాడింది మా బావమరిది. వినలేక లేచిపోయేవాళ్లు కూడా మంట వదల్లేక కూర్చున్నారు.

పదకొండింటికి చర్చి వాళ్లు లేచారు. వారంట్ ఆఫీసర్ గారికి మందుల వేళయింది. అంతా వెళ్లాక, దుండిగల్ చలి అప్పుడు వచ్చింది. నేను ఇంతమందిని పిలిచి చూపిద్దామనుకున్న ఆ పదకొండు డిగ్రీల అసలు సరుకు, చూసేవాళ్లు లేని వేళకి.

ఒకడు మాత్రం దొరికాడు. మిత్రుడు ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్నాడు. నిక్కరు, టీ షర్టు. తెల్లవారుజామున నాలుగింటికి హాల్లో లైటు వెలిగింది. చూద్దును కదా, వాడు సోఫా కవరు కప్పుకుని, దాని మీద డోర్‌మ్యాట్ లాంటిదేదో వేసుకుని, కాళ్లు కడుపులోకి ముడుచుకుని కూర్చున్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

“ఏందిరా, మైనస్ 20లో నిక్కరేసేటోనివి!”

“అది బయట, సన్నాసీ. ఇంట్ల ఇరవై ఒకటుంటది. గోడల దూదిలెక్క సరుకు నింపుతరు, కిటికీకి రెండద్దాలుంటయి, కింద గ్యాసు పొయ్యి రాత్రంతా వేడిగాలి ఊదుతనే ఉంటది. మీ ఇంట్ల ఏమున్నది? గీ టైల్సు చూడు, అడుగు పెడితే ఇగం. గా కిటికీ సందుల నుంచి గాలి ఈల కొడుతున్నది. మీది ఎండాకాలానికి కట్టిన ఇల్లురా. బయటెంతో లోపలంతే!”

మా ఇంటి గురించి ఇంత వివరంగా బిల్డరు కూడా చెప్పలేదు. వాస్తు చూసి, గాలీ వెలుతురూ ధారాళంగా రావాలని నేనే పట్టుబట్టి పెట్టించుకున్న కిటికీలవి. మే నెలలో చుట్టాలకి చూపించి గర్వపడతాను. డిసెంబరులో వాటి గురించి ఎత్తను.

మా ఆవిడ లేచి వచ్చింది. ఏమీ అడగలేదు. మా పడకగదిలోకి వెళ్లి, నా మీంచి దింపిన బొంత తెచ్చి వాడి మీద వేసింది. మా అత్తగారు కుట్టిన బొంత అది. అయిదారు పాత చీరల పొరలు, ఆ చివర నుంచి ఈ చివర దాకా దగ్గర దగ్గరగా చేతికుట్టు. ఒక మూల ఆకుపచ్చ నేత చీర అంచు ఇంకా కనిపిస్తుంది. వాడు దాన్ని ముక్కు దాకా లాక్కుని, “చెల్లె, మా అమ్మ సుత ఇట్లనే కుట్టేది” అన్నాడు. అంతే, నా బొంత మీద నా హక్కు పోయింది.

వాడు వెళ్లే రోజు సామాను తూకం వేసుకున్నాం. పెట్టెకి 23 కిలోలే. ఆవకాయ జాడీ, పసుపు, కారప్పొడి, సకినాల డబ్బా పెట్టాక ఇంకేం పట్టలేదు. వాడు కోటు తీసి బయట పడేసి, ఆ జాగాలో బొంత కుక్కాడు.

“అక్కడ ఇల్లంతా వెచ్చగానే ఉంటదన్నవ్ కదరా, బొంతెందుకు?” అన్నాను, ఆశ చావక.

“హీటరు బిల్లు చూసినవా? రాత్రిపూట నాలుగు డిగ్రీలు తగ్గిస్త” అన్నాడు. “కోటు నువ్వుంచుకో. ఎయిర్‌పోర్టు నుంచి కారు దాకే గదా, మా పిల్ల ఇంకోటి తెస్తది.”

కోటు లోపల గుడ్డ మీద మైనస్ 30 వరకు అని కుట్టి ఉంది. మర్నాడు పొద్దున ఆరున్నరకి పాల ప్యాకెట్‌కి దాన్ని వేసుకుని బయల్దేరాను. బయట పదమూడు. మెడ నుంచి మోకాలు దాకా కోటు, కింద లుంగీ, హవాయి చెప్పులు. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి సెల్యూట్ కొట్టాడు, అదీ ఎప్పుడూ కొట్టని సెల్యూట్. పాల బూత్ వైపు పదడుగులు నడవకముందే వీపు మీంచి చెమట కారడం మొదలైంది. దుకాణమాయన, “సార్, ఉడికిపోతరు, తీసెయ్యుండ్రి” అన్నాడు జాలిగా. క్యూలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లున్నారు. లోపల నేను వేసుకున్నది చిరుగుల బనియను. “ఏం పర్లేదు, చల్లగనే ఉన్నది” అని ప్యాకెట్లు పుచ్చుకున్నాను.